ప్రామాణిక బురద

కొండప్రాంత వికాస సంస్థ డైరెక్టరు ఉపేంద్రనాథ్ గారు వేసవి సెలవుల్లో సకుటుంబంగా ఏదో రిసార్టుకు వెళ్లి, నాలుగు లావుపాటి చక్రాలున్న బండొకటి ఎక్కి, బురదగుంటలో ఇరవై నిమిషాలు తిరిగి వచ్చారు. కొండమీది గుమ్మిడిగుబ్బ గూడెం జనం కష్టాలు తీరే మార్గం ఆయనకు ఆ ఇరవై నిమిషాల్లోనే కనిపించింది.

ఆ సంగతి అందరికన్నా ముందు తెలిసింది సీనియర్ అసిస్టెంటు వావిలపల్లి గవర్రాజుకు. సెలవు నుంచి వచ్చిన రోజు పొద్దున్నే డైరెక్టరుగారు అతన్ని లోపలికి పిలిచి సెల్‌ఫోనులో ఫొటో చూపించారు. అందులో ఆయన హెల్మెట్ పెట్టుకొని, గడ్డం దాకా బురద చింది, పెళ్లినాడు కూడా నవ్వనంతగా నవ్వుతున్నారు.

"దీన్నేమంటారో తెలుసా గవర్రాజు గారూ? ఏటీవీ! నేల ఎలాంటిదైనా దీనికి లెక్కలేదు. డోలీ అనే మాట మన పరిధిలో ఇక వినపడకూడదు. ఫైలు పెట్టండి."

గవర్రాజు ఫైలు పెట్టాడు. ఫైలు పెట్టమంటే పెట్టడం, ముయ్యమంటే ముయ్యడం, మధ్యలో అట్టకు తాడు కట్టడం. ముప్ఫై ఏళ్లుగా అతను చేస్తున్న పని అదే.

డైరెక్టరుగారికి డోలీ మీద అంత కోపం రావడానికి కారణం ఉంది. పదిరోజుల కిందటే పేపర్లో ఇంకో ఫొటో పడింది. తొలకరి వానల్లో గుమ్మిడిగుబ్బ నుంచి ఒక నిండు గర్భిణిని దుప్పట్లో ఉయ్యాల కట్టి, కర్ర భుజాలకెత్తుకొని ఇద్దరు మగవాళ్లు మోసుకొస్తున్నారు. దారిలోనే కాన్పయింది. బిడ్డ దక్కలేదు. కింద సంస్థ పేరు, డైరెక్టరుగారి పేరు అచ్చయ్యాయి. బిడ్డ సంగతి సంస్థలో రెండు రోజులు చెప్పుకున్నారు. పేరు సంగతి ఇంకా చెప్పుకుంటున్నారు.

గుమ్మిడిగుబ్బ తారురోడ్డు చివర నుంచి ఎనిమిది కిలోమీటర్లు. దాదాపు అంతా రాతినేల. ఆటో ఎగిరెగిరి పడుతూనైనా పోతుంది. ఎటొచ్చీ ఊబిమలుపు అనే చోట నూరు గజాల మేర కొండనీళ్లు దిగి, వానాకాలం నుంచి చలికాలం దాకా మోకాలు దిగబడే బురద నిలుస్తుంది. దాన్ని దాటి ఏ చక్రమూ పోదు.

ఈ లెక్క గవర్రాజుకు చెప్పింది ఆ కొండమీద డ్యూటీ చేసే నర్సు మండంగి రాజేశ్వరి. ఆమెది పక్క గూడెమే. ఫైలు పెట్టిన మర్నాడే అర్జీ పట్టుకొని అతని టేబులు దగ్గరికి వచ్చింది.

"ఏటమ్మా, మళ్లీ ఏటొచ్చింది?"

"అదే సార్, ఊబిమలుపు. ఆ బురద తోడీసి, నీళ్లు పోడానికి పక్కన చిన్న కాలవ తీస్తే సాలు. కిందంతా రాయే. ఆటో ఊళ్లోకి ఎల్లిపోద్ది. మీరు ఒక్క కూలీనీ పంపక్కర్లేదు, ఊరోళ్లే తవ్వుకుంటామంటన్నారు."

"మరి తవ్వుకోమను. ఎవరొద్దన్నారు?"

"గడ్డపార ఎత్తితే కేసు రాస్తామని అడివి గార్డులు బెదిరించారట. మీ సంస్థ నుంచి ఒక్క కాయితం ఇప్పించండి సార్. డుంబయ్య తాత కోడలు బుదారికి ఐదో నెల. దసరాలకి నెలలు నిండుతాయి. అది కూడా డోలీలోనే దిగాలేటి?"

గవర్రాజు రికార్డులు తిరగేశాడు. రికార్డుల్లో గుమ్మిడిగుబ్బకు దారి అనేదే లేదు. లేని దారి మీద బురద ఉండటానికి వీల్లేదు. లేని బురదను తొలగించమని ఉత్తర్వు ఇవ్వడానికి అసలే వీల్లేదు. ఆ మాట ఆమెతో అనడానికి నోరు రాక, "బండి వస్తోందమ్మా, పెద్దది. నేల ఎలాంటిదైనా లెక్కలేదట" అన్నాడు. అర్జీని ఏటీవీ ఫైల్లో అనుబంధం కింద కుట్టేశాడు.

*

ఎంపిక కమిటీ మొదటి సమావేశానికి ఇంజినీరు పరబ్రహ్మంగారు రంగురంగుల కరపత్రాలు తెచ్చారు. దేశంలో దొరికే పెద్ద ఇంజను బళ్లన్నీ వడబోసి రెంటికి తెచ్చారట. కంపెనీ పేర్లు ఫైలుకు ఎక్కితే పక్షపాతమనే మాట వస్తుందని, ఒకదానికి వాహనం-అ అనీ రెండోదానికి వాహనం-ఆ అనీ గవర్రాజు నామకరణం చేశాడు.

వాహనం-అ ఎర్రది. వెయ్యి సీసీ, రెండు సిలిండర్లు. రాళ్లమీద గంతులేసినా నడుము కదలనంత మెత్తటి స్ప్రింగులు. కొండబాటలకు దాన్ని మించింది లేదు. వాహనం-ఆ పచ్చది. ఎనిమిదివందల యాభై సీసీయే గాని, టైర్ల మీది గాడులు వేలెడు లోతు. బురద పేరుకోకుండా రేడియేటరు పైన పెట్టారు. గాలి పీల్చే గొట్టం ఏనుగు తొండంలా పైకి లేచి ఉంటుంది. బొడ్డు దాకా మునిగినా ఇంజను ఆగదు.

"బాట అయితే అ, బురద అయితే ఆ" అని పరబ్రహ్మంగారు తేల్చారు. "రెండు పనులూ సమానంగా చేసే వాహనం ఈ భూమ్మీద లేదు. ఆ విషయంలో ప్రపంచంలోని నిపుణులంతా ఏకాభిప్రాయంతో ఉన్నారు."

గంటన్నరసేపు గుర్రపుబలం గురించీ, నేలకూ పొట్టకూ మధ్య ఎన్ని అంగుళాలుండాలన్నదాని గురించీ చర్చ జరిగింది. డైరెక్టరుగారు మాటిమాటికీ తాను రిసార్టులో ఎలా మలుపు తిప్పిందీ చేతులతో చూపించారు. మిగతా ముగ్గురు సభ్యులు ఆయన చేతులు ఎటు తిరిగితే అటు వంగారు.

మినిట్స్ రాస్తున్న గవర్రాజు కరపత్రంలోని బొమ్మ దగ్గర ఆగిపోయాడు. రెండు బళ్లకీ చెరో సీటే ఉంది. పెట్రోలు టాంకు పక్కన చిన్న పసుపుపచ్చ చీటీ అంటించి ఉంది. నడిపేవారు తప్ప మరొకరు ఎక్కరాదని దాని భావం.

"సార్, చిన్న సందేహం" అన్నాడు. "దీంట్లో పేషెంటుని ఎక్కడ పడుకోబెడతాం?"

పెళ్లిపందిట్లో ఎవరో చావు సంగతి ఎత్తినట్టు పరబ్రహ్మంగారు మొహం పక్కకు తిప్పుకున్నారు. డైరెక్టరుగారు మాత్రం పెద్దమనసుతో నవ్వారు.

"మంచి పాయింటు. పేషెంట్ కాంపొనెంటు రెండో దశలో వస్తుంది గవర్రాజు గారూ. మొదటి దశలో వాహనం నిలదొక్కుకోవాలి. అన్నీ ఒకేసారి పెట్టుకుంటే ఫోకస్ పోతుంది."

రోగి అంశము ద్వితీయ దశకు వాయిదా వేయడమైనది, అని గవర్రాజు రాశాడు. రాశాక ఆ వాక్యం వైపు చాలాసేపు చూశాడు. వ్యాకరణం తప్పేమీ లేదు.

*

ఇక గుమ్మిడిగుబ్బ దారి బాటా, బురదా అన్నది తేలాలి. ఎండలో బాట, వానలో బురద అని ఒక సభ్యుడు అన్నాడు. ఋతువును బట్టి మారే స్వభావం ప్రభుత్వ రికార్డుకు పనికిరాదని డైరెక్టరుగారు కొట్టిపారేశారు. నమూనా తీసి పట్నంలోని ప్రయోగశాలకు పంపమన్నారు.

ఊబిమలుపులో దోసెడు బురద తీసి, గుడ్డసంచిలో పెట్టి, లక్కముద్ర వేసి పంపారు. అయిదు వారాలకు జవాబొచ్చింది. పంపిన నమూనా గట్టిమట్టి, బురద లక్షణములు ఏవియు లేవు. సంచిలో నీరంతా కారిపోయి ఎండిందన్నమాట. ఈసారి డబ్బాలో పోసి మూత బిగించి పంపారు. నాలుగు వారాలకు ఇంకో జవాబు. డబ్బాయందు నీరు పైన, మట్టి క్రింద వేరువేరుగా నున్నవి, దేనిని పరీక్షించవలెనో తెలుపగలరు.

ఈలోగా శ్రావణం వెళ్లిపోయింది. రాజేశ్వరి రెండుసార్లు వచ్చింది. రెండోసారి అర్జీ తేలేదు. టేబులు ముందు నిలబడి, "ఎనిమిదో నెల సార్" అని ఒక్కమాట చెప్పి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది. గవర్రాజుకు ఆరోజు మధ్యాహ్నం కేరేజీ తెరవాలనిపించలేదు. ఫైలు తీసి మొదటినుంచీ చదివాడు. నూట నాలుగు పేజీలున్నాయి. బుదారి పేరు ఒక్కచోటే ఉంది, తను కుట్టేసిన అనుబంధంలో.

బురదను పంపితే తేలదని గ్రహించిన డైరెక్టరుగారు బళ్లనే రప్పించాలని నిర్ణయించారు. రెండు కంపెనీలూ తమ తమ బళ్లతో వచ్చి సంస్థ వెనక ఉన్న మైదానంలో పోటీ పడాలి. ఒకపక్క రాళ్లు పరిచి బాట, ఇంకోపక్క గొయ్యి తవ్వి బురద. అయితే రెండు కంపెనీలకూ న్యాయం జరగాలంటే బురద ఒక ప్రమాణం ప్రకారం ఉండాలి కదా. పరబ్రహ్మంగారు మూడు రోజులు కూర్చుని ప్రామాణిక బురదకు నిర్వచనం రాశారు. మోకాలికి తగ్గకుండా, తొడకు మించకుండా ఉండవలెను, వ్రేలికి అంటినచో దులిపినను రాలకుండవలెను. ఎవరి మోకాలు అని అకౌంట్సు విభాగం కొర్రీ వేసింది. డైరెక్టరుగారి మోకాలు అని సవరణ జారీ అయింది. గవర్రాజు టేపు పట్టుకొని, వంగి, కొలత తీసుకొని ఫైలుకెక్కించాడు.

మొదట మైదానంలోని మట్టినే తవ్వి, కాలనీలకు వెళ్లాల్సిన మంచినీళ్ల టాంకర్లు నాలుగు రోజులు ఇటు మళ్లించి కలిపారు. పరబ్రహ్మంగారు చెప్పులు విడిచి అందులో దిగారు. రెండడుగులు వేసి తల అడ్డంగా ఊపారు.

"ఇది మైదానపు బురద సార్. కొండబురద పట్టు వేరు. దీంట్లో పాసైన వాహనం అక్కడ ఫెయిలైతే బాధ్యత ఎవరిది?"

బాధ్యత అనే మాట వినగానే డైరెక్టరుగారు లేచి నిలబడ్డారు. "ఊబిమలుపు బురదే తెప్పించండి" అన్నారు.

"ట్రాక్టరు మీద వద్దు సార్" అని పరబ్రహ్మంగారు హెచ్చరించారు. "ఆ రాళ్లదారిలో కుదుపులకు నీరు వేరు, మట్టి వేరు అయిపోతాయి. ప్రయోగశాలవారే రాశారు. తారురోడ్డు దాకా కుదుపు లేకుండా తేవాలి."

"కుదుపు లేకుండా అంటే?"

పరబ్రహ్మంగారు కాస్త గొంతు తగ్గించారు. "ఆ ఏరియాలో కుదుపు లేని సాధనం ఒక్కటే ఉంది సార్. దుప్పటీ కర్రా కట్టి..."

డైరెక్టరుగారు కళ్లు మూసుకొని ఒక నిమిషం ఆలోచించారు. "ఆ మాట ఫైల్లో రాకూడదు" అన్నారు చివరికి.

స్కంధవాహక సాధనము అని గవర్రాజు రాశాడు.

బురదను మోసే బాధ్యత ప్రజాభాగస్వామ్యం కింద గుమ్మిడిగుబ్బ వాసులకే అప్పగించాలని తీర్మానమైంది. ఆ ఉత్తర్వు టైపు చేస్తుండగా, 'ఊబిమలుపునందలి బురద యావత్తూ త్రవ్వి తొలగించవలెను' అన్న దగ్గర గవర్రాజు చేతులు ఆగాయి. రాజేశ్వరి అడిగింది ఈ కాయితాన్నే. మూడు నెలలు తను ఇప్పించలేని కాయితం తన వేళ్లకిందే తయారవుతోంది. తలుపు వైపు ఓసారి చూసి, ఇంకో వాక్యం చేర్చాడు. త్రవ్విన చోట క్రొత్తనీరు చేరి బురద ప్రామాణికత చెడకుండుటకు ప్రక్కన కాలువ తీయవలెను, అటవీ సిబ్బంది సహకరించవలెను.

డైరెక్టరుగారు ప్రామాణికత అన్న మాట చూసి సంతకం పెట్టేశారు.

*

ఉత్తర్వు చదివి వినిపించడానికి గవర్రాజే స్వయంగా ఊబిమలుపు దాకా వెళ్లాడు. సగం తెల్లబడిన పిలకతో, భుజాన తువ్వాలుతో డుంబయ్య ఊరివాళ్లను వెంటబెట్టుకొని మలుపు దగ్గరికి దిగాడు. పక్కన రాజేశ్వరి ఉంది.

"టీవీ ఇత్తారని సెప్పుకుంటన్నారు, నిజమేనా బాబూ?" అన్నాడు డుంబయ్య. "మా ఊళ్లో కరెంటు లేదు గదా, టీవీ ఏం సేసుకుంటాం?"

"టీవీ కాదు తాతా, ఏటీవీ. బండి. దానికి మీ బురద కావాల."

"ఏటీ, బురదా?"

గవర్రాజు ఉత్తర్వు చదివాడు. అంతా విన్నాక డుంబయ్య మొహంలో ఏ భావమూ లేదు. తువ్వాలు తీసి దులిపి మళ్లీ వేసుకున్నాడు.

"మనిసిని మోసే డోలీలో బురదని మొయ్యాలన్నమాట."

"అవును తాతా." గవర్రాజు తలెత్తలేదు.

"మొత్తం తోడీయొచ్చా?"

"మొత్తం. ఉత్తర్వులో యావత్తూ అని ఉంది."

"కాలవ?"

"అదీ ఉంది."

ముసలాయన రాజేశ్వరి మొహం చూశాడు, రాజేశ్వరి గవర్రాజు మొహం చూసింది. ఎవరూ నవ్వలేదు. "ఆ కాయితం ఓపాలి నా సేతికియ్యి బాబూ" అని డుంబయ్య దాన్ని రెండు చేతులా అందుకొని, మడతపెట్టి నడుముకు దోపుకున్నాడు. ఆ సాయంత్రానికే గడ్డపారలు దిగాయి. అడవి గార్డు వచ్చి చూసి, కాయితం చూసి, సహకరించాడు.

నెలరోజులు డోలీలు దిగాయి. మైదానంలో పోసిన బురద రెండు రోజులకే ఎండి బీటలు వారేది. తాజా బురద తెమ్మని ఇంజినీరుగారు కబురు పెట్టేవారు. డోలీలు మళ్లీ దిగేవి. మనుషుల కోసం ఇన్ని డోలీలు ఒక్కరోజున ఎప్పుడూ దిగలేదు. మోసేవాళ్ల భుజాలు కాయలు కాశాయి. అయినా ఒక్కరూ రానని అనకపోవడం చూసి డైరెక్టరుగారు గిరిజనుల క్రమశిక్షణ మీద ఒక వ్యాసం రాశారు.

*

పోటీ రోజున మైదానంలో షామియానా వేశారు. ముందు వరసలో సోఫాలు, వెనక కుర్చీలు. ప్రథమచికిత్స కోసం నర్సు ఒకరుండాలి గనక రాజేశ్వరికి అక్కడ డ్యూటీ పడింది. తెల్లపెట్టె ఒళ్లో పెట్టుకొని, మొహం ముడుచుకొని కూర్చుంది. గవర్రాజు స్కోరు రాసే పలకతో ఆ పక్కనే నిలబడ్డాడు.

"బుదారికి నెలలు నిండీసినాయి సార్" అంది మెల్లిగా. "ఇయ్యాలో రేపో. నన్ను ఇక్కడ కూకోబెట్టేరు. ఎవరికి దెబ్బలు తగుల్తాయని?"

అతను పలక మీద అ, ఆ అని రెండు గళ్లు గీశాడు.

ముందు వాహనం-అ గర్జిస్తూ వచ్చింది. రాళ్లబాటను చెంగుచెంగున దాటి, చప్పట్ల మధ్య బురదగుంటలోకి దూకి, రెండు గజాలు పోయి, కూర్చుంది. చక్రాలు గిర్రున తిరిగేకొద్దీ లోపలికి దిగింది. వెనక చక్రాలు విసిరిన బురద సోఫాల మీదుగా వెళ్లి మూడో వరస మీద పడింది. నడిపిన కుర్రాడు హ్యాండిలు మీద ఎక్కి నిలబడి గంభీరంగా చెయ్యి ఊపాడు.

తర్వాత వాహనం-ఆ. గుంట అవతలికి ఏనుగు చెరువు దాటినట్టు దాటింది. జనం లేచి నిలబడ్డారు. అదే ఊపులో రాళ్లబాట ఎక్కి, మొదటి పెద్దరాయి దగ్గరే పక్కకు ఒరిగి, మెల్లగా, మర్యాదగా వెల్లకిలా పడింది. తొండం విరిగింది. నడిపినవాడు దూకి తప్పించుకున్నాడు.

"రెండూ రెండు రంగాల్లో తమ సమర్థతను నిరూపించుకున్నాయి" అని పరబ్రహ్మంగారు మైకులో ప్రకటించారు.

అప్పుడే రాజేశ్వరి ఫోను మోగింది. చెవికి పెట్టుకుని గభాల్న లేచింది. తెల్లపెట్టె కిందపడింది. "ఎప్పుడు? పొద్దున్నా? ఎవరు మోసేరు? ఏటీ..." అని ఆగిపోయింది. ఫోను పెట్టేసి అలాగే నిలబడింది.

గవర్రాజు ఆమె దగ్గరికి జరిగాడు. "ఏమైందమ్మా?"

"బుదారికి పొద్దున్న నొప్పులొచ్చాయట సార్. ఆటో ఊళ్లోకి వొచ్చీసినాదట. గుమ్మం ముందుకే! ఊబిమలుపు మీదనుంచి ఆగకుండా దిగీసినాదట. ఆస్పత్రిలో కానుపైపోయింది. ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు." ఆమె కళ్లు తుడుచుకుంది. "డుంబయ్య తాత ఆటో ముందు సీట్లో కూకున్నాడంట. జన్మలో మొదటిసారట."

గవర్రాజు పలక కింద పెట్టి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఎదురుగా గుంటలో పదిమంది కలిసి వాహనం-అను తాళ్లతో లాగుతున్నారు. అది రావడం లేదు.

*

నెలరోజులు బురద ఇచ్చిన గుమ్మిడిగుబ్బ దారి ప్రధానంగా బురదే అని కమిటీ తేల్చింది గనక వాహనం-ఆ ఎంపికైంది. విరిగిన తొండం బదులు కొత్తది తెచ్చి, దండ వేసి, షెడ్డులో పెట్టారు. ఊబిమలుపులో డైరెక్టరుగారే స్వయంగా నడిపి ప్రారంభోత్సవం చెయ్యాలని ముహూర్తం కూడా పెట్టారు. ఫొటో ఎక్కడినుంచి తియ్యాలో చూసి రమ్మని పరబ్రహ్మంగారిని ముందుగా పంపారు. ఆయన సాయంత్రానికల్లా వగరుస్తూ తిరిగొచ్చారు.

"సార్, బురద లేదు!"

"లేదంటే?"

"చుక్క లేదు సార్. రాయి తేలింది. పక్కన కాలువ. మా జీపు మలుపు మీదుగా తిన్నగా ఊళ్లోకి పోయింది. డ్రైవరుకి ఊబిమలుపు దాటామని కూడా తెలియలేదు."

డైరెక్టరుగారి మొహం పాలిపోయింది. బురద ప్రాంతమన్న అర్హత మీద మంజూరైన వాహనం. బురద లేకపోతే వాహనం ఎందుకని పైనుంచి అడుగుతారు. తీసుకున్న నిర్ణయం తప్పవడానికి వీల్లేదు. కాబట్టి తప్పు నేలదే.

"ప్రభుత్వ బురదను నమూనాకు తెమ్మన్నాం గాని, మొత్తం ఊడ్చేయమన్నామా?" అన్నారు. ఉత్తర్వు తెప్పించి చూస్తే యావత్తూ అని ఉంది, కింద తన సంతకమే ఉంది. దాన్ని మడిచి పక్కన పెట్టి, కొత్త ఉత్తర్వు చెప్పి రాయించారు. గుమ్మిడిగుబ్బ వాసులు పదిహేను దినములలోగా ఊబిమలుపునందు బురదను యథాస్థితికి తీసుకురావలెను. కాలువ పూడ్చవలెను. లేనియెడల చట్టరీత్యా చర్య తీసుకొనబడును. అమలు చేయించి నివేదిక ఇవ్వాల్సినవాడు గవర్రాజు.

గవర్రాజు ఆటోలో వెళ్లాడు. మలుపు దగ్గర దిగి నిలబడ్డాడు. రాళ్ల మధ్య కాలువలో నీళ్లు గలగలా పోతున్నాయి. రెండు సైకిళ్లు ఎదురొచ్చాయి. ఉప్పు బస్తా వేసుకుని ఇంకో ఆటో ఊళ్లోకి పోతోంది. ఉత్తర్వు జేబులోనే ఉంది. డుంబయ్య ఇంటికెళ్లి, బుదారి ఒళ్లో ఉన్న పిల్లను చూసి, వాళ్లిచ్చిన రాగిజావ తాగాడు. కాయితం బయటికి తీయలేదు.

మర్నాడు ఆఫీసులో ఫైలు తెరిచి, 'ఊబిమలుపునందు బురద యథాస్థితికి తీసుకురాబడినది, కాలువ పూడ్చబడినది' అని రాసి, కింద సంతకం పెట్టాడు. తన దస్తూరీ ఎన్నడూ లేనంత గుండ్రంగా వచ్చింది.

బురద నాణ్యతపై సంతృప్తి వ్యక్తం చేయడమైనది, అని డైరెక్టరుగారు పచ్చసిరాతో రాశారు. ప్రారంభోత్సవానికి మాత్రం పట్నంలో సమావేశాలు అడ్డొచ్చి కొండెక్కలేదు. మైదానంలో మిగిలిన గుంటలోనే నడిపి, అక్కడే ఫొటో తీయించుకున్నారు. పేపర్లో బాగానే వచ్చింది.

నెలన్నర తర్వాత ఒక మంగళవారం, సంస్థ ఆవరణలో టీకాల శిబిరం పెట్టారు. రాజేశ్వరి వెంట గుమ్మిడిగుబ్బ నుంచి అయిదుగురు తల్లులు వచ్చారు. గేటు బయట ఆటో దిగి, చంకల్లో పిల్లలతో వరండా ఎక్కారు. సరిగ్గా అప్పుడే డైరెక్టరుగారు గదిలోంచి బయటికొచ్చారు. వెనక ఫైలుతో గవర్రాజు ఉన్నాడు.

"ఏ ఊరమ్మా మీది?"

"గుమ్మిడిగుబ్బండి" అంది ముందున్న బుదారి.

డైరెక్టరుగారి మొహం వెలిగింది. "చూశారా గవర్రాజు గారూ! గుమ్మిడిగుబ్బ నుంచి అయిదుగురు. వాహనం ఇంపాక్ట్ అంటే ఇదీ!" అంటూ చెయ్యి చాపారు. ఆ చెయ్యి చూపించిన వైపే షెడ్డు ఉంది. అందులో టార్పాలిన్ కప్పుకొని వాహనం-ఆ ఉంది. ఆ సంగతి ఆయన గమనించలేదు. గమనించింది ఇంకొకటి.

చూపు కిందికి దిగింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏమయ్యా, వీళ్లు ఊబిమలుపు మీదుగానే కదా రావాలి? కాళ్లకు బురదేదీ?"

గవర్రాజు ఫైలు తాడు విప్పి మళ్లీ కట్టాడు. రాజేశ్వరి చేతిలో టీకాల కార్డులు కదలడం ఆగిపోయింది. డైరెక్టరుగారు ఒక్కొక్కరి పాదాలూ పరీక్షగా చూస్తూ వచ్చి బుదారి దగ్గర ఆగారు. అయిదు జతల పాదాలూ శుభ్రంగా, పొడిగా, హవాయి చెప్పుల్లో ఉన్నాయి.

బుదారి పిల్లను ఒక చంకనుంచి ఇంకో చంకకు మార్చుకుంది.

"గేటుకాడ కుళాయి ఉంది గదా బాబూ, కడిగీసుకున్నాం" అంది. "మీలాంటి పెద్దోళ్ల ఆఫీసుకి బురదకాళ్లతో ఒస్తామేటి?"

డైరెక్టరుగారు ఆమెనొక క్షణం చూసి, తృప్తిగా తల పంకించారు.

"పరిశుభ్రతపై అవగాహన పెరిగింది" అన్నారు. "రాసుకోండి గవర్రాజు గారూ."

గవర్రాజు రాసుకున్నాడు.